పలకరించు, పిలవకు

మంజరి లేవగానే ముందు నవ్వు మార్చింది. నిన్నటిదాకా ఊరంతా పెదవిని ఒక పక్కకి లాగి నవ్వింది. తెల్లారేసరికి ఆ నవ్వు పాతబడిపోయింది. ఇవాళ్టి అల, అంటే ఊరి కొత్త పోకడ ప్రకారం కళ్ళు మూసుకుని ముక్కుతో నవ్వాలి. తెరగోడ మీద, తన బదులు ఊరితో మాట్లాడే తన ఛాయ ఆ కొత్త నవ్వు సాధన చేస్తూంటే ఆమె పళ్ళు తోముకుంటూ చూసింది. ఛాయకి రెండో ప్రయత్నంలోనే పట్టుబడింది. మంజరి కూడా ఒకసారి నవ్వి చూసింది గాని, నురగ ముక్కులోకి పోయి పొలమారింది. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నట్టంటారు. తనని తలుచుకునేవాళ్ళెవరో ఆమెకి తోచలేదు.

తర్వాత కడలితీపికి నవ్వు మార్చాలి. కడలితీపి మనిషి కాదు. సముద్రపు నీటిలో ఉప్పు తీసేసి విశాఖలో ఇంటింటికీ పంపే సంస్థ. అయినా దానికీ ఒక ఛాయ ఉంది. ఒక గొంతు, ఇష్టమైన రంగు, ఏటేటా చేసుకునే పుట్టినరోజు ఉన్నాయి. ఉదయాన్నే జనంతో చతుర్లాడుతుంది, క్రికెట్లో ఓడిపోతే బాధపడుతుంది, వాన పడితే పకోడీలు తినాలనిపిస్తోందంటుంది. నీళ్ళ సంస్థకి పకోడీలేమిటని అడిగేవాళ్ళు ఒకప్పుడు ఉండేవారట. ఇప్పుడు లేరు.

ప్రజాసంబంధాల విద్యాపీఠంలో ఆఖరి ఏడాది చదివేవాళ్ళకి తలా ఒక సంస్థని అప్పగిస్తారు. ఎవరికి ఏది వచ్చిందో పక్కవాళ్ళకి కూడా చెప్పకూడదు. ఏడాది పొడుగునా దాన్ని తాజాగా ఉంచగలిగితే పట్టా వస్తుంది. తాజాకొలత పాచిగీత కిందికి దిగిందా, పేరు కొట్టేసి ఇంటికి పంపుతారు. మంజరి ఖాతా ఈ నెలలో రెండుసార్లు గీత అంచుదాకా వెళ్ళి వచ్చింది. ఇక పరీక్ష వారమే మిగిలింది. నరసన్నపేటలో ఆమె పిన్ని ఇప్పటికే వీధి వీధంతా చెప్పుకుంది, మా పిల్లకి పట్టా వచ్చేసినట్టేనని.

తాజాగా ఉండటమంటే మాటలు కాదు. పొద్దున పుట్టిన చమత్కారం మధ్యాహ్నానికి ముసలిదవుతుంది. సాయంత్రం దాన్ని వాడినవాణ్ణి చూసి జనం జాలిపడతారు. ఏ మాట లేస్తోంది, ఏ మాట పడిపోతోంది, ఎవరు ఎవరిమీద అలిగారు, ఆ అలకలో మనం ఏ పక్షాన ఉంటే అందంగా ఉంటుంది, ఇవన్నీ గంటగంటకీ కనిపెట్టుకుని ఉండాలి. స్నానానికి వెళ్ళొచ్చేసరికి ఒక అల వచ్చి వెళ్ళిపోయిన రోజులున్నాయి. అందుకని మంజరి స్నానం తగ్గించింది. నిద్ర కూడా తగ్గించింది. స్నేహితులు, చుట్టాలు, పలకరింపులు, పరామర్శలు అన్నీ తన సొంత ఛాయకి వదిలేసింది. చదివేది ప్రజాసంబంధాలే అయినా, ప్రజల్లో ఒక్కరితోనూ ఆమె మాట్లాడి చాలా కాలమైంది.

ఆమె గదికి మూడువైపులా మామూలు గోడలే. నాలుగోది తెరగోడ. అల అంతా దానిమీదే పారుతూ ఉంటుంది. దానికి అవతలి పక్క ఎస్తేరు గది. ఎస్తేరుదీ ఆఖరి ఏడాదే, ఊరు ఇచ్ఛాపురం. అదే గోడ ఆమె వైపూ వెలుగుతూ ఉంటుంది. గోడలకి చెవులుంటాయంటారు గాని, ఈ గోడలకి ఉన్నవి నోళ్ళే. పొద్దస్తమానం వాగుతూ అవతలి దగ్గు కూడా ఇవతలికి వినపడనివ్వవు.

మంజరి ఛాయ, ఎస్తేరు ఛాయ ప్రాణస్నేహితులు. ఒకరినొకరు ఏడిపించుకుంటారు, పుట్టినరోజులకి పాటలు పంపుకుంటారు, పోయిన ఏడాది ఒకసారి పోట్లాడుకుని వారం రోజులు మాట్లాడుకోలేదు కూడా. మనుషులిద్దరూ మాత్రం వరండాలో ఎదురుపడితే తల ఊపి పక్కకి తప్పుకుంటారు. ఛాయలు అంత చనువు పెంచుకున్నాక, మనుషులు మళ్ళీ "నీ పేరేటి" దగ్గర మొదలుపెట్టడానికి సిగ్గేస్తుంది. ఆ సిగ్గులోనే రెండేళ్ళు గడిచిపోయాయి.

విద్యాపీఠం గేటు మీద పెద్ద అక్షరాలతో ఒక మాట చెక్కి ఉంటుంది: పలకరించు, పిలవకు. మొదటి రోజు మొదటి పాఠం అదే. ఛాయ ఎవరినైనా పలకరించవచ్చు, ఎవరికైనా జవాబు చెప్పవచ్చు, నవ్వవచ్చు, ఏడవవచ్చు. కాని రమ్మనో పొమ్మనో అంటే అది ఒంటితో చెయ్యాల్సిన పని. ఛాయకి ఒళ్ళు లేదు. అందుకని అలాంటి మాట వినపడగానే అవతలి ఛాయ తన మనిషిని తట్టి, వెళతారా అని అడిగి తీరాలి. చట్టం అలా ఉంది. అలా తట్టి లేపినవాళ్ళకి చిరాకొస్తుంది. చిరాకొచ్చినవాళ్ళు తమ ఛాయ ఇన్నాళ్ళూ ఎవరెవరితో ఏమేం మాట్లాడిందో వెనక్కి తిప్పి చూస్తారు. అందుకే ప్రజాసంబంధాల్లో పిలుపు నిషిద్ధం. పిలవని పేరంటాలతోనే ఊరు చల్లగా నడిచిపోతోంది.

మధ్యాహ్నం కుశలం వేళయింది. రోజులో అన్నిటికన్నా పెద్ద గడియ అదే. తాజాకొలతలో సగానికి సగం దానిమీదే ఆధారపడుతుంది. మంజరి తెరగోడ ముందు కూర్చుని మీట నొక్కింది. కడలితీపి తీయటి గొంతుతో ఊరందరినీ ఒకేసారి అడిగింది:

"భోజనం అయిందా అండీ?"

లక్షల ఛాయలు ఒక్కసారిగా బదులిచ్చాయి. "అయిందండీ, మీదో?" "ఇప్పుడే అయింది, తమరిది?" "ఆఁ, అయింది." గోడంతా లేత పచ్చగా వెలిగింది. కడలితీపి "మాదీ అయింది" అంది. నీళ్ళ సంస్థ భోంచేసిందట. ఊరంతా సంతోషించింది.

తలుపు కింది సందులోంచి మంజరి పళ్ళెం ఎప్పుడో వచ్చింది. పప్పన్నం, బెండకాయ వేపుడు, గడ్డపెరుగు. పక్కన స్టీలు గ్లాసులో నీళ్ళు. ఇంకా ముట్టుకోలేదు. కుశలం చల్లారేదాకా కళ్ళు తిప్పకూడదు, ఆ తర్వాత ఆకలి గుర్తుండదు.

పచ్చదనం మధ్యలో ఒకచోట ఎర్రగా చుక్క పడింది.

మంజరి దాన్ని దగ్గరికి లాక్కుని చూసింది. ఒక్క జవాబు.

"లేదు. నిన్నటి నుంచి ఏటీ తిన్లేదు."

ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. గోడ ఆ మాట కింద 'అపశ్రుతి' అని గుర్తు పెట్టింది. మంజరి ఇలాంటిది పుస్తకంలో చదివిందే గాని, కళ్ళారా చూడటం ఇదే మొదలు. భోజనం అయిందా అంటే అయిందనే అంటారు. కడుపు కాలుతున్నవాడైనా అయిందనే అంటాడు. లేదంటే అడిగినవాళ్ళు పెట్టాల్సి వస్తుంది. ఆ ఇబ్బంది వాళ్ళకి కలిగించడం మర్యాద కాదు. ఛాయలకి ఎవరూ నేర్పకుండానే ఈ మర్యాద అబ్బింది.

ఇప్పుడు చెయ్యాల్సింది చదును. 'ఛాయాలోపం' అన్న మీట నొక్కితే సరిపోతుంది. ఆ జవాబు మాయమవుతుంది. పంపిన వ్యక్తి ఛాయని బాగుచెయ్యడం మొదలుపెడతారు, బాగయ్యేదాకా ఆ మనిషి చెయ్యి కట్టేస్తారు. అంటే స్వయంగా ఎవరికీ ఒక్క ముక్క కూడా పంపలేరు. బాగవడానికి నెలలు పడుతుంది. నొక్కకుండా వదిలేస్తే సాయంత్రం కొలతలో కొలతే ఆ పని చేస్తుంది, పాచి మాత్రం మంజరి ఖాతాలో రాస్తుంది. గీత అంచున ఉన్నవాళ్ళకి అదొక్కటి చాలు.

చదునుకి ముందు తనిఖీ చెయ్యాలని ఒక నియమముంది. ఎవరూ చెయ్యరు. మంజరి ఎందుకో చేసింది. బహుశా 'ఏటీ' అన్న మాట వల్ల కావచ్చు. ఛాయలు నున్నటి తెలుగే మాట్లాడతాయి. ఏటీ అని పిన్ని తప్ప ఆమెతో ఇంకెవరూ అనరు.

తనిఖీ ప్రశ్న ఒక్కటే. ఛాయలకి చెవులుండవు కాబట్టి సంస్థ ఇలా అడుగుతుంది: "ఈ క్షణాన మీకు వినిపిస్తున్న చప్పుడు ఏమిటో చెప్పండి." మంజరి మీట నొక్కి వెనక్కి జరిగేసరికి మోచెయ్యి తగిలి గ్లాసు కింద పడింది. కొండవాలు మీద కట్టిన హాస్టలు కావడం వల్ల గది నేల ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. ఏది పడినా ఓ పట్టాన ఆగదు. గ్లాసు గోడ వాగుడుని కూడా మించి ఖంగున మోగి, తెరగోడదాకా వెళ్ళి తగిలి, వెనక్కి వచ్చి మళ్ళీ దొర్లింది. నీళ్ళు పాదాల కిందికి పారాయి.

జవాబు వచ్చింది.

"పక్కగదిలో మంజరి గ్లాసు పడేసింది. ఇంకా దొర్లతంది."

మంజరి బల్లకిందికి చూసింది. గ్లాసు ఇంకా దొర్లుతూనే ఉంది.

ఆమె సొంత ఛాయని తెరిచి, ఎస్తేరు ఛాయతో అది ఇన్నాళ్ళూ మాట్లాడినదంతా వెనక్కి తిప్పింది. నవ్వులు, పాటలు, చమత్కారాలు గోడ నిండా పారాయి. చదవడానికి బాగానే ఉంది. ఇద్దరు మంచి స్నేహితురాళ్ళ కథ ఏదో చదువుతున్నట్టుంది. ఆ ఇద్దరిలో ఒకరు తానేనని నమ్మడమే కష్టంగా ఉంది.

మనిషి స్వయంగా పంపినదాన్ని చేతిమాట అంటారు. దాని మూలన ఒక నల్లచుక్క ఉంటుంది; అపశ్రుతి ఎర్రచుక్క పడితే అది కనపడదు. మంజరి ఆ చుక్కల కోసం వెతికింది. రెండేళ్ళలో రెండంటే రెండే దొరికాయి.

మొదటిది పోయిన వానాకాలం నాటిది. "మంజరీ, కొండ దిగి సముద్రం దాకా నడుద్దామేటి? ఒక్కదాన్నే ఎల్లబుద్ధి కాటంలేదు." అది పిలుపు. ఛాయ చట్టప్రకారం మంజరిని తట్టి అడిగింది. మంజరి చదవకుండానే 'తర్వాత' నొక్కింది. నొక్కినట్టు ఆమెకి గుర్తు కూడా లేదు. ఆ రోజుల్లో రోజుకి పదిసార్లు 'తర్వాత' నొక్కేది.

రెండోది మొన్నటిది. "నా ఖాతా పాచిపట్టిపోయింది. నన్ను తీసేసారు. ఎల్లుండి ఊరెల్లిపోతన్నాను."

ఇందులో పిలుపేమీ లేదు. అందుకని ఛాయ మంజరిని తట్టలేదు. ఊరెళ్ళడమన్న మాట పట్టుకుని తనే బదులిచ్చేసింది: "అబ్బ, ఎంత అదృష్టమే! శుభప్రయాణం! అక్కడి ఫొటోలు పెట్టడం మరిచిపోకు!" కింద ఒక నెమలి పురివిప్పి ఆడుతోంది.

మంజరి ఆ నెమలిని చూస్తూ కూర్చుంది. ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. తన పేరుతో, తన గొంతుతో, తన ముక్కునవ్వుతో ఆ మాట వెళ్ళింది. అవతలి గదిలో ఎస్తేరు దాన్ని చదువుకుని ఉంటుంది. చదువుకుని, ఇది ఛాయ పనిలే అనుకుందో, మంజరే అందనుకుందో. రెండింట్లో ఏది అనుకున్నా ఏడుపొచ్చేదే.

పేరు కొట్టేసినవాళ్ళకి పళ్ళెం రాదు. ఆ సంగతి మంజరికి తెలుసు. కాని అది ఒక మనిషి ఆకలి అన్న సంగతి ఇప్పుడే తట్టింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఎస్తేరు అడగలేక అడిగింది. అడగడానికి ఈ ఊళ్ళో ఆమెకి ఒక నీళ్ళ సంస్థే దొరికింది.

గోడ మూలన ప్రభావతి మేడం ముఖం వెలిగింది. ఆఖరి ఏడాది పరీక్షలన్నీ ఆవిడ చేతిమీదుగానే నడుస్తాయి.

"మంజరీ, కుశలంలో ఒక అపశ్రుతి తెరిచే ఉంది. చూశావా?"

"చూశాను మేడం. తనిఖీ చేశాను."

"చేశావుగా, మనిషేనని తేలింది. మంచిది. ఇక లోపమని రాసి చదును చేసెయ్యి."

"లోపం కాదు మేడం. నిజంగానే తినలేదు."

"ఎవరో ఒకరు ఎప్పుడూ తినకుండానే ఉంటారమ్మా. అది మన శాఖ కాదు."

"మనమే కదండీ అడిగాం, తిన్నారా అని."

మేడం ముఖంలో ఏమీ మారలేదు. "అడగడం పలకరింపు. నువ్వు మొదటి ఏడాది పిల్లవి కాదు, ఇది నేను చెప్పక్కర్లేదు."

మంజరికి ఒక సందేహం వచ్చింది. వచ్చాక అడగకుండా ఉండలేకపోయింది. "మేడం, ఇప్పుడు మాట్లాడుతున్నది మీరేనా?"

"అలా అడక్కూడదు మంజరీ," అంది మేడం. గొంతు కొంచెం తగ్గింది. "సాయంత్రం కొలతలోపు తీసెయ్యి. నువ్వు తియ్యకపోతే అదే తీసేస్తుంది. ఆ అమ్మాయి చెయ్యీ పోతుంది, నీ పట్టా పోతుంది. ఒకళ్ళకి జరిగేది ఇద్దరికి జరగడమెందుకు?"

ముఖం ఆరిపోయింది. ఆ చివరి మాటలో దయ ఉంది. అయితే ఆ దయ మేడందో, మేడం ఛాయదో తెలుసుకునే దారి లేదు.

మంజరి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద సముద్రం ఎండలో మెరుస్తోంది. ఒడ్డున ఎవరూ లేరు. ఉండరని ఆమెకి తెలుసు, తను పట్టుకుతిరిగే అలల్లో ఒక్కటీ ఆ ఒడ్డుకి సంబంధించింది కాదు. ఇచ్ఛాపురం పిల్ల ఒక్కతీ వెళ్ళబుద్ధికాక తోడు అడిగిన చోటు అదే.

అపశ్రుతిని మూయడానికి ఇంకొక దారి ఉందని ఆమెకి గుర్తుంది. పుస్తకంలో చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది: సంస్థ తగిన సమాధానం చెబితే అపశ్రుతి తీరినట్టే. పంపినవాళ్ళ చెయ్యి భద్రంగా ఉంటుంది. కాని కుశలంలో సంస్థకి ఉన్నది ఒకే నోరు. ఒకరికి చెప్పిన సమాధానం ఊరందరికీ వినపడుతుంది. అందుకే ఆ దారిన ఇంతవరకు ఎవరూ పోలేదు.

ఏం సమాధానం చెప్పాలి? కడలితీపి దగ్గర సిద్ధంగా ఉన్న మాటలన్నీ తిరగేసింది. చిన్న అయ్యో, పెద్ద అయ్యో, కన్నీటితో అయ్యో ఉన్నాయి. మీ మాట మాకెంతో విలువైనదని ఒకటుంది. త్వరలో మీ ఆకలి గురించి ఆలోచిస్తామని కూడా ఒకటుంది, దాన్ని కరెంటు పోయినప్పుడు వాడే మాటలోంచి మార్చి రాశారు. వీటిలో ఒక్కదానితోనూ కడుపు నిండదు.

నరసన్నపేటలో పిన్ని గుమ్మంలోకి ఎవరొచ్చినా తిన్నావా అని అడిగేది. అడిగేముందు ఒకసారి వంటింటి వైపు చూసేది. చిన్నప్పుడు మంజరి ఎందుకలా చూస్తావని అడిగింది. "తిన్నావేటి అని అడిగే ముందు కుండలో ఏటుందో సూసుకోవాలే. లేదంటే పెట్టాల గదా," అంది పిన్ని. ఆవిడ ఏ విద్యాపీఠంలోనూ చదవలేదు. ఇప్పుడావిడ కూడా ఛాయ చేతే తిన్నావా అని అడిగిస్తోంది, మంజరి ఛాయ రోజూ తిన్నానని చెబుతోంది.

లేదన్న మాటకి తెలుగులో సమాధానం ఒక్కటే ఉంది. అది పిలుపు.

మంజరి తిరిగి వచ్చి గోడ ముందు నిలబడింది. ఊరికే ఎస్తేరు తలుపు తట్టి పళ్ళెం ఇచ్చి రావచ్చు. దానికి ఎవరూ అడ్డుపడరు. ఆ తర్వాత సాయంత్రం కొలత వచ్చి ఎస్తేరు చెయ్యి కట్టేస్తుంది. ఊరు వెళ్ళాక ఇంకో కాలేజీకి రాసుకోవాలన్నా, ఎవరినైనా సాయం అడగాలన్నా, ఆమె ఛాయే మాట్లాడుతుంది. అంతా బాగుందని, భోజనం అయిందని చెబుతుంది.

పిన్ని మొహం కళ్ళముందు కదిలింది. వీధివాళ్ళకి ఏమని చెప్పుకుంటుందో. ఏడాది పొడుగునా మానుకున్న నిద్ర, మార్చిన నవ్వులు, నేర్చి మరిచిన చమత్కారాలు, అన్నీ ఒక్క మాటతో పోతాయి. భయమేసింది. ఆ భయంతోనే కడలితీపి ఛాయని పక్కకి జరిపి, దాని నోటినుంచి ఇంతవరకు రాని మాట తనే స్వయంగా రాసింది.

"అయితే రండి. తిందాం."

పంపింది.

మొదట ఏమీ కాలేదు. ఆ తర్వాత గోడ ఆగిపోయింది. పచ్చదనం ఆరలేదు, ఎర్రబడలేదు. పారేదల్లా పారడం మానేసి నిలబడింది. ఊళ్ళో ఉన్న ఛాయలన్నీ ఒకే క్షణంలో నోరు మూసుకున్నాయి. మూసుకుని, చట్టప్రకారం, తమతమ మనుషుల్ని తట్టాయి. మిమ్మల్ని భోజనానికి పిలుస్తున్నారు, వెళతారా?

రెండేళ్ళలో మొదటిసారి మంజరి గది నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దంలో గోడ అవతల ఎవరో ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది.

గోడ మీద ఒక నల్లచుక్క పొడిచింది. "ఎవరండీ పిలిచింది?" దాని వెనక ఇంకొకటి. "ఎక్కడికి రావాలి?" "ఏటి వండారు?" "నాకు షుగరు, అన్నం తినను, రొట్టె ఉంటుందా?" ఎవరో పెద్దాయన చాలాసేపు తడుముకుని రాసినట్టుంది: "తిన్నానని మావాడు రోజూ చెప్తున్నాడంట. నేను తిని చాలా రోజులయింది." మావాడంటే ఆయన ఛాయ కావచ్చు. చుక్కలు చీమల్లా వరసకట్టి వస్తూనే ఉన్నాయి. మంజరి ఇన్ని చేతిమాటలు ఎప్పుడూ చూడలేదు. తప్పులతో, ఆగి ఆగి, ఒక్కటీ నున్నగా లేకుండా.

ఎర్రచుక్క దగ్గర 'అపశ్రుతి' అన్న మాట చెరిగిపోయి 'తీరినది' అని పడింది. ఎస్తేరు చెయ్యి దక్కింది. మంజరి ఊపిరి పీల్చుకునేలోపే తాజాకొలత కిందికి జారడం మొదలుపెట్టింది. ఊరంతా ఛాయలు మూగబోయాక తాజాదనం ఎక్కణ్ణుంచి వస్తుంది? గీత దాటింది, దాటి ఇంకా దిగుతూనే ఉంది. ప్రభావతి మేడం ముఖం మూలన వెలిగి ఏదో అనబోయి ఆగింది. ఎప్పుడూ నున్నగా దువ్వి ఉండే తల ఈసారి చెదిరి ఉంది. ఆవిడ కళ్ళు గోడమీది మాటల్ని ఒక్కొక్కటిగా చదువుతున్నాయి.

"ఏం చేశావు మంజరీ," అంది. తిట్టినట్టు లేదు. "నన్ను కూడా అడుగుతోంది, వెళతారా అని."

మంజరి నిండా మునిగినవాడికి చలేమిటనుకుని గోడని ఆర్పేసింది. వంగి గ్లాసు తీసుకుని, కుండలోంచి నీళ్ళు నింపి, పళ్ళెంతో సహా రెండు చేతుల్లో పట్టుకుని వరండాలోకి వచ్చింది. పక్క తలుపు నాలుగడుగుల దూరం కూడా ఉండదు. చేతులు ఖాళీ లేక కాలితో తట్టింది.

ఎస్తేరు తలుపు తీసింది. ఛాయకి కళ్ళజోడు ఉండదు, ఈమెకి ఉంది. ఛాయకన్నా పొట్టిగా ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి. వెనక గడప దగ్గరే సర్దిన పెట్టె ఒకటి, మంచం మీద మడతపెట్టిన దుప్పటి.

"ఏటే మంజరీ," అంది. ఆ గొంతు మంజరికి కొత్తగా వినపడింది.

మంజరి నెమలి సంగతి చెప్పాలి, సముద్రం సంగతి చెప్పాలి, క్షమించమనాలి. నోరు తెరిస్తే వచ్చింది మాత్రం అదొక్కటే.

"తిన్నావా?"

"ఆఁ, అయింది," అంది ఎస్తేరు.

అని తల దించుకుంది. అలవాటు. గోడకి నిజం చెప్పగలిగిన మనిషి, ఎదురుగా మనిషి నిలబడేసరికి మర్యాదకి పోయింది.

"లేదు. నాకు తెలుసు," అంది మంజరి. "అడిగింది నేనే. నీళ్ళవాళ్ళు కాదు. ఆ ఖాతా నాది."

ఎస్తేరు కళ్ళజోడు తీసి పైటచెంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "మరి రండి తిందాం అన్నాది?"

"అదీ నేనే."

"నిన్ను తీసేస్తారే."

"ఈపాటికి తీసేసుంటారు."

ఎస్తేరు పళ్ళెం వైపు చూసింది. "ఒక్కళ్ళకే ఉంది గదే."

"ఉన్నదే తిందాం. జరుగు."

ఇద్దరూ గుమ్మంలోనే కూర్చున్నారు. పళ్ళెం మధ్యలో పెట్టుకున్నారు. పప్పన్నం చల్లారిపోయి గట్టిపడింది. ఎస్తేరు మొదటి ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా పట్టుకుని కూర్చుంది. కన్నీళ్ళు చేతిమీద పడుతున్నాయి. మంజరి చూడనట్టు బెండకాయ ముక్కలన్నీ ఆమె వైపుకి తోసింది. ఛాయలయితే ఈపాటికి పది చమత్కారాలు చెప్పుకునేవి.

"శుభప్రయాణం అన్నాను నేను నీతో," అంది మంజరి చివరికి.

"నువ్వు కాదులే," అంది ఎస్తేరు, ముద్ద నోట్లో పెట్టుకుంటూ. కొంచెం ఆగి, "నువ్వో కాదో అని రెండ్రోజులు ఆలోసించాను," అంది.

ఎవరూ నడవని వరండా చివర తలుపు ఒకటి తెరుచుకుంది. ఆ తర్వాత ఎదురుగా ఇంకొకటి. ఇన్నాళ్ళూ తల ఊపి తప్పుకున్న మనుషులు ఒక్కొక్కరే గడప దాటి, వెలుగుకి కళ్ళు చిట్లించుకుంటూ బయటికొచ్చారు. కొందరి చేతుల్లో ముట్టని పళ్ళేలున్నాయి. ఎవరో గట్టిగా అడుగుతున్నారు, భోజనం ఎక్కడంట, ఎవరు పిలిచారంట అని. ఎవరికీ తెలియదు.

ఎస్తేరు ఎడమచేత్తో పెట్టెని గోడవారకి తోసి, గుమ్మంలో ఇంకొకరికి చోటిచ్చేలా పక్కకి జరిగింది.